గర్వం లేదన్న ఊరు

నా ఉద్యోగంలో అన్నిటికంటే పెద్ద తప్పు నేను ఫ్యాను కింద, మెత్తటి కుర్చీలో కూర్చుని, టీ తాగుతూ చేశాను. ఎండల్లో, వానల్లో ఊళ్లు తిరిగి చేసిన తప్పులన్నీ దాని ముందు చిన్నవే. సర్వే పనుల్లోకి కొత్తగా వస్తున్న పిల్లలకు ఆ సంగతి చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఉద్యోగంలో ఉండగా చెప్పడానికి సిగ్గేసింది. రిటైరై రెండేళ్లయింది కాబట్టి ఇప్పుడు ఆ సిగ్గు కాస్త పలచబడింది.

ముప్పై ఏళ్లకు పైగా విజయనగరంలో ఒక సర్వే సంస్థలో పనిచేశాను. మొదట ఇంటింటికీ తిరిగి ప్రశ్నలడిగేదాన్ని. తర్వాత అడిగేవాళ్ల మీద సూపర్‌వైజర్నయ్యాను. టీకాలు, మరుగుదొడ్లు, పాడి పశువులు, కట్టెల పొయ్యిలు, ఇలా రెండు జిల్లాల్లో నేను లెక్కపెట్టని వస్తువు లేదనుకోండి. రిటైర్మెంటుకు ఏడాది ముందు మాత్రం కంటికి కనపడనిదాన్ని కొలవమన్నారు.

ఒక స్వచ్ఛంద సంస్థ కొన్ని ఊళ్లకు షెడ్లు కట్టిస్తానంది. సముద్రం పక్క ఊళ్లలో వానాకాలంలో కూడా చేపలు ఎండబెట్టుకునే షెడ్లు, చీపురుపల్లి వైపు మెట్ట ఊళ్లలో పప్పులు ఆడించుకునే షెడ్లు. అయితే దానికో షరతు పెట్టింది. ముందు ఆ ఊళ్లలోని పెద్దవాళ్లకు తమ మీద తమకు ఎంత గౌరవం, నమ్మకం ఉన్నాయో ప్రశ్నల కాగితంతో కొలవాలి. ఊరి సగటు ఒక గీతకు పైన ఉంటే షెడ్డు వెంటనే వస్తుంది. కింద ఉంటే ఆర్నెల్లు వ్యక్తిత్వ శిక్షణ, ఆ తర్వాతే షెడ్డు. తమ మీద తమకే నమ్మకం లేనివాళ్లకు యంత్రాలిస్తే మూలన పడేస్తారని వాళ్ల భయం. ఆ భయంలో అర్థం లేకపోలేదు. మూలపడి తుప్పు పట్టిన కుట్టుమిషన్లు నేనూ చాలానే చూశాను.

ప్రశ్నల కాగితం ఇంగ్లీషులో వచ్చింది. నిజానికి అవి ప్రశ్నలు కావు, పన్నెండు వాక్యాలు. ఒక్కొక్కటీ చదివి వినిపించాలి. ఎదుటి మనిషి 'పూర్తిగా ఒప్పుకుంటాను' దగ్గర్నుంచి 'అస్సలు ఒప్పుకోను' దాకా నాలుగు జవాబుల్లో ఒకటి చెప్పాలి. కొన్ని వాక్యాలు మనిషిని మెచ్చుకునేవి, కొన్ని తక్కువ చేసేవి. తక్కువ చేసే వాక్యానికి ఒప్పుకుంటే మార్కు తగ్గుతుంది.

మా ప్రాజెక్టు ఆఫీసరు విశాఖపట్నంలో చదువుకుని వచ్చిన కుర్రాడు. మర్యాదస్తుడు, అంకెలంటే ప్రాణం. "మీరు ఈ ప్రాంతం మనిషి కదా మేడం, తెలుగు మీరే రాయండి" అన్నాడు. నేను చీపురుపల్లి దగ్గర వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టాను. మా ఇంట్లో అందరం 'ఏటి', 'నేదు' అనుకుంటూనే పెరిగాం. కానీ చేతికి పెన్ను రాగానే నాకు బడి పుస్తకం తెలుగే వస్తుంది. 'గర్వపడడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు.' 'మొత్తం మీద నాతో నేను తృప్తిగా ఉన్నాను.' 'నా మీద నాకు మరింత గౌరవం ఉంటే బాగుండును.' ఇలా పన్నెండూ ఒక మధ్యాహ్నం రాసేశాను. చదివి చూసుకుంటే నాకే ముచ్చటేసింది.

అనువాదం సరిచూడాలన్న నియమం ప్రకారం, నాకు తెలిసిన ఒక ఇంగ్లీషు లెక్చరరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చారు. మొదటి కాగితంతో దాదాపు మాటకు మాట సరిపోయింది. ఆఫీసరు సంబరపడ్డాడు. నేనూ, ఆ లెక్చరరూ ఒకే రకం పుస్తకాలు చదివినవాళ్లం కనుక ఒకరి తెలుగు ఒకరికి అర్థమైందంతే. ఆ సంగతి అప్పుడు నాకు తోచలేదు.

ఇంకో నియమం ఉంది. ఊళ్లలోకి వెళ్లేముందు అలాంటి ఊరివాళ్లే ఇరవైమందిని కూర్చోబెట్టి, వాళ్లకు ఏ వాక్యం ఎలా అర్థమవుతోందో అడిగి చూడాలి. ఆఫీసులో అందరికీ తొందర. మా అకౌంటెంటు, డ్రైవర్లు, టైపిస్టు, టీ తెచ్చే దంపతులు, ఇలా ఇరవైమందితో గంటలో కాగితాలు నింపించి, 'గ్రామస్థులతో పరీక్ష పూర్తయింది' అని రాసి సంతకం పెట్టాను. నేను చెప్పిన తప్పు ఇదే. ఇందులో మరొకరికి వాటా లేదు.

ఫిబ్రవరిలో పని మొదలైంది. చీపురుపల్లి వైపు ఒక ఊళ్లో, మిషను ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన ఒకావిడ ఉండేది. తెల్లటి గంజి చీరలో నిటారుగా కూర్చుని జవాబులు చెప్పింది. గర్వం వాక్యం దగ్గరకొచ్చేసరికి నవ్వి, "గర్వపడ్డానికి నాదేటుందమ్మా, అంతా దేవుడిదే కదా" అంది. నేను 'పూర్తిగా ఒప్పుకుంటాను' దగ్గర టిక్కు పెట్టాను. పక్క వీధిలో ఒక ముసలి రైతు, మేం "ఒప్పుకుంటారా?" అనగానే బెదిరిపోయి, "నానేటి తప్పు సేసినానమ్మా ఒప్పుకోడానికి?" అన్నాడు. జీపులో అందరం ఆ మాటకు పడీపడీ నవ్వుకున్నాం.

మా బృందంలో ఒక మాస్టారు మాత్రం నవ్వలేదు. పాతికేళ్లు ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పి, ఆ బడి మూతపడ్డాక మా దగ్గర చేరాడు. శ్రీకాకుళం మనిషి. నాకంటే పెద్దవాడు, నన్ను చెల్లెమ్మా అని పిలిచేవాడు. "సెల్లెమ్మా, మనం సదివిందానికి ఆళ్లు జవాబు సెప్పటం నేదు. ఆళ్లకి ఇనబడ్డదానికి సెప్తన్నారు" అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. "అత్త పక్కన కూకోనుంటే, నాను పనిమంతురాలినని ఏ కోడలు సెప్తాది?"

"మాస్టారూ, ఇంకా నాలుగు ఊళ్లున్నాయి. కానివ్వండి" అన్నాను.

లెక్కలు వచ్చాక చూస్తే అన్ని ఊళ్లలోకీ అడుగున ఉన్నది కళింగపట్నానికి దగ్గర్లోని ఒక చేపల పల్లె. ఆఫీసరు ఆశ్చర్యపోలేదు. నేనూ ఆశ్చర్యపోలేదు. చదువు తక్కువ, ఇళ్లు చిన్నవి, సముద్రం మీద బతుకు, ఇంతకంటే ఏం వస్తుందనుకున్నాం. మనం ముందే అనుకున్న జవాబు వస్తే ఎవరూ లెక్క సరిచూడరు. పిల్లలూ, ఈ ఒక్క మాట మాత్రం రాసిపెట్టుకోండి.

షెడ్డు ఇప్పుడు రాదని, ముందు ఆర్నెల్ల శిక్షణ ఉంటుందని ఆ ఊరికి చెప్పే పని నా మీద పడింది. ఏప్రిల్‌లో ఒక పొద్దున్న మాస్టారితో కలిసి వెళ్లాను. ఇసుక మీద వలలు పరిచి వాటి మీద వేలెడంత నెత్తళ్ల చేపలు ఎండబోశారు. ఆ ఊరి ఎండుచేపల సంఘానికి లీడరు యాభై దాటిన మనిషి. అక్కను మా వైపు అప్ప అంటాం. ఊరంతా ఆమెను అలాగే పిలిచేది, నేనూ అలాగే పిలిచేదాన్ని. చీపురుతో చేపలు తిరగేస్తూనే నేను చెప్పింది వింది.

"అయితే ముందు మాకు పాటాలు సెప్తారా?"

"శిక్షణ అప్పా. ఆర్నెల్లే."

"ఏటి శిక్షణ?"

"మీ మీద మీకు నమ్మకం పెరగడానికి."

ఆమె చీపురు ఆపింది. పక్కనున్న ఆడవాళ్ల వైపు తిరిగి, "ఇన్నారా? మనకి మన మీద నమ్మకం నేదంట" అంది. ఎవరూ నవ్వలేదు. మళ్లీ నా వైపు తిరిగింది. "పదమూడేళ్లకి గంప నెత్తినెట్టుకున్నాను. మా ఆయన పోయినాక ముగ్గురు పిల్లల్ని ఈ నెత్తళ్లతోటే పెంచినాను. శ్రీకాకుళం బజార్లో నా గంప దిగితేగానీ బేరం మొదలవ్వదు. వానాకాలం వస్తే సగం సేప కుళ్లిపోతాది, ఆ షెడ్డొక్కటుంటే సాలని మూడేళ్ల నుంచి అడగతన్నాను. నాకు నమ్మకం నేదని ఎవులు సెప్పినారు?"

నాకు కోపం వచ్చింది, నిజం చెప్పొద్దూ. ఆమెను పక్కకు పిలిచి, సంచీలోంచి ఆమె జవాబుల కాగితం తీశాను. "మీరే చెప్పారు అప్పా. 'గర్వపడడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు' అని చదివితే, పూర్తిగా ఒప్పుకుంటానన్నారు."

"అన్నాను. ఇప్పుడూ అదే అంతాను. నాకు గర్వం నేదు. ఉండాలా ఏటి? గర్వం ఉన్నోళ్లు ఎవులు బాగుపడినారు?"

తర్వాతి వాక్యం చదివాను. "'మొత్తం మీద నాతో నేను తృప్తిగా ఉన్నాను.' దీనికి ఒప్పుకోనన్నారు."

"తృప్తేటి? సేయాల్సింది ఇంకా సేనా ఉన్నాది. తృప్తంటే ఇంక సాలని కూకోవడం. నానెప్పుడు కూకున్నాను?"

"'నా మీద నాకు మరింత గౌరవం ఉంటే బాగుండును'..."

"గవురవం ఇంకొంచెం వస్తే ఒద్దంతామేటి ఎవులైనా?"

మూడు జవాబులూ ఆ మనిషి నిబ్బరం నుంచే వచ్చాయి. మూడింటికీ మేం మార్కులు కోశాం. ఆమె ఒక్కర్తికే కాదు. ఆ రిటైరైన నర్సు గంజి చీర, నవ్వు గుర్తొచ్చాయి. కాగితం మడిచి సంచీలో పెట్టుకున్నాను.

"నీ మొకం అలగయిపోనాదేటి? మంచినీళ్లు తాగుతావా?" అంది అప్ప.

తిరిగి వస్తుంటే జీపులో మాస్టారు, "సారుకి సెప్పీ సెల్లెమ్మా. ఇయ్యాల సెప్తే అది తప్పు. రిపోర్టు ఎల్లిపోయినాక సెప్తే పాపం" అన్నాడు.

చెప్పలేదు. నాలుగు రోజులు నోరు మెదపలేదు. అనువాదం తప్పని ఒప్పుకుంటే, ఊరివాళ్లతో పరీక్ష ఎందుకు చేయలేదని అడుగుతారు. అది అడిగితే ఆ దొంగ సంతకం బయటపడుతుంది. ఇంకో పది నెలల్లో దండ వేసి, శాలువా కప్పి పంపుతారు కదా, ఇప్పుడిదెందుకని ఒక మనసు. ఇంకో మనసుకు మెతుకు సయించలేదు. ఆఫీసులో నాకు దగ్గరైన ఒకావిడకు చెప్పుకుంటే, "ఆర్నెల్లు శిక్షణ తీసుకుంటే వాళ్లకేం నష్టం?" అంది. ఆ మాట పట్టుకుని ఒక పూట ప్రశాంతంగానే గడిపాను. కానీ ఆ ఆర్నెల్లలోనే వానాకాలం మొత్తం గడిచిపోతుందని లెక్క చూసుకున్నాక అదీ పోయింది.

ఐదో రోజు ఆఫీసరు పిలిచి, రిపోర్టు సోమవారం వెళ్తుందనీ, ఆ పల్లె గురించి ఒక పేరా రాసివ్వమనీ అన్నాడు. ఎదురుగా నిలబడే, "ఆ ఊరి మార్కులు తప్పు సార్. తప్పు వాళ్లది కాదు, నా తెలుగుది" అన్నాను. మొదలుపెట్టాక ఆగలేదు. గర్వం గురించి, తృప్తి గురించి చెప్పాను. టైపిస్టు, డ్రైవర్ల గురించీ చెప్పాను.

అతను కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఆ పరీక్ష కాగితాలు చూపించమని నేనూ అడగలేదు మేడం" అన్నాడు. మళ్లీ కళ్లజోడు పెట్టుకుని, "కానీ మీరు చెప్పారని మార్కులు మార్చలేను. రుజువు కావాలి. ఎన్ని రోజుల్లో తెస్తారు?" అన్నాడు.

"మూడు రోజులు."

"వెళ్లండి. సోమవారం సంగతి నేను చూసుకుంటాను."

ఆ గదిలోంచి బయటకు వచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. అయినా ఛాతీ మీదినుంచి ఎవరో తిరగలి దించినట్టుంది.

ఈసారి పని వేరుగా చేశాం. ఒక్కొక్కరినీ విడిగా, సరుగుడు తోట నీడలో కూర్చోబెట్టి వాక్యం చదవడం, జవాబు రాసుకోవడం, వెంటనే "ఏల?" అని అడగడం. ఆ 'ఏల'తోనే అంతా బయటపడింది. గర్వం లేదన్నవాళ్లు దాన్ని మంచి గుణంగానే చెప్పారు. వాక్యాలను వాళ్ల నోటి మాటల్లోనే మార్చి రాశాం. గర్వం వాక్యాన్ని అప్పే తిరగరాసింది: 'నలుగురిలో తలెత్తుకు తిరగడానికి నాకేటీ నేదు.' అది చదివితే "అదేటి, నేకేం?" అన్నవాళ్లే ఎక్కువ.

మూడో రోజు మధ్యాహ్నం మాస్టారు దూరం నుంచి నాకు సైగ చేశాడు. అతని ఎదురుగా నలభై ఏళ్ల మనిషి తల వంచుకుని కూర్చున్నాడు. అంతకు ముందు సంవత్సరం తెప్ప తిరగబడి అతని జతగాడు పోయాడు. ఇతను ఈదుకుంటూ ఒడ్డుకు వచ్చాడు. అప్పటి నుంచి వేటకు వెళ్లలేదు. భార్య గంప మోస్తోంది. మొదటిసారి అతను మా మనిషిని త్వరగా వదిలించుకోవడానికి పన్నెండు వాక్యాలకూ 'ఒప్పుకుంటాను' అనేశాడు. మెచ్చుకునేవీ, తక్కువ చేసేవీ ఒకదానికొకటి చెల్లిపోయి, అతని మార్కు గీతకు కాస్త పైనే వచ్చింది.

ఇప్పుడు 'నేను ఎందుకూ పనికిరాను' అన్న వాక్యం దగ్గర మాస్టారు "ఏల?" అని అడిగాడట. అతను చాలాసేపు ఇసుకలో వేలితో గీతలు గీసి, "పోవాల్సింది నాను. ఆడు పోయినాడు. రోజూ సీకటి విడకముందే నీళ్ల దగ్గరకి ఎల్తన్నాను. ఏల ఎల్తన్నానో ఇంటిలో ఎవులికీ తెల్దు" అన్నాడట.

మాస్టారు పెన్ను జేబులో పెట్టేసి, అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. నేను వెళ్లేసరికి ఆ చెయ్యి అలాగే ఉంది. "సెల్లెమ్మా, జీపు తెప్పించు" అన్నాడు. నేను అప్పకు కబురు పెట్టాను. ఆమె అతని భార్యను వెంటబెట్టుకుని పరుగున వచ్చింది. ఆ మధ్యాహ్నమే నలుగురం కలిసి అతన్ని శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాం. దారి పొడుగునా భార్య అతని చేతిని వదలలేదు. డాక్టరు విడిగా గంటసేపు మాట్లాడి బయటకు వచ్చి, "మంచిపని చేశారు, సమయానికి తెచ్చారు" అన్నాడు. ఆ మాట వినగానే మాస్టారు గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

నిజం చెబుతున్నాను, ఆ రోజు నాకు గర్వం వాక్యం కంటే దీనికే ఎక్కువ భయమేసింది. బాగున్న ఊరంతటినీ మా కాగితం కిందకు తోసింది. నిజంగా మునిగిపోతున్న ఒక్క మనిషిని మాత్రం గీతకు పైన కూర్చోబెట్టింది. ఆ కాగితాలు పనికిరావని నేననను. తర్వాత, సరిగ్గా పరీక్షించిన కాగితంతో, మంచి పనులే చేశాం. కానీ మనిషి 'ఒప్పుకుంటాను' అంటే దేనికి ఒప్పుకున్నాడో కాగితానికి తెలియదు. అడిగినవాళ్లకు తెలియాలి.

ఆఫీసరు మా మూడు రోజుల కాగితాలు రెండుసార్లు చదివాడు. ఆ సోమవారం రిపోర్టు వెళ్లలేదు. దాని బదులు, జరిగిందంతా దాపరికం లేకుండా రాసిన ఉత్తరం వెళ్లింది. దానికింద మొదటి సంతకం అతనిది, రెండోది నాది. స్వచ్ఛంద సంస్థవాళ్లు వచ్చారు, ఊరు చూశారు, అప్పతో అరపూట మాట్లాడారు. వెళ్లేటప్పుడు వాళ్లలో పెద్దాయన, "శిక్షణ మేమే తీసుకోవాలేమో" అన్నాడు. షెడ్డు మంజూరైంది, వానలకు ముందే లేచింది. అన్ని ఊళ్లనీ కొత్త వాక్యాలతో మళ్లీ అడిగాం. నాకు ఒక మెమో వచ్చింది. అంతకంటే పెద్ద శిక్షకే సిద్ధపడ్డాను గనుక దాన్ని అందుకుని సంతకం చేస్తుంటే నవ్వొచ్చింది. శాలువా కూడా కప్పారు, పది నెలల తర్వాత.

ఆ మనిషి నెలనెలా ఆసుపత్రికి వెళ్లొస్తున్నాడని, మందులు వాడుతున్నాడని మాస్టారు చెబుతుండేవాడు. సముద్రం మీదకు మళ్లీ వెళ్లలేదు. వెళ్లమని ఎవరూ అనలేదు. షెడ్డులో తట్టలు అమర్చే పనికి రమ్మని అప్పే అతన్ని పిలిచింది. జాలిపడి కాదు. "ఆడికి సేప సూస్తే తేమెంతుందో తెలుస్తాది. మా ఎవులికీ అంత తెల్దు" అంది.

ఆ ఏడాది జూన్‌లోనే ఒక పొద్దున్న ఉప్మా తింటుండగా ఫోను మోగింది. అప్ప. వెనక రేకుల మీద వాన ఎంత గట్టిగా పడుతోందంటే ఆమె మాట సగమే వినపడింది.

"ఏటప్పా, అంతా బాగేనా?"

"బాగే. రాత్రి నుంచి ఒకటే వాన. సేపంతా లోపలున్నాది. ఆడు తట్టలు తిరగేస్తన్నాడు, ఆడి పెళ్లాం ఆడిని తిడతన్నాది. అంతే. సెప్దామనీసి సేసినాను."

ఫోను పెట్టేసి వరండాలోకి వచ్చి నిలబడ్డాను. విజయనగరంలో ఇంకా చినుకు పడలేదు, గాలి మాత్రం చల్లబడింది. లోపలికి వెళ్లి ఇంకొంచెం ఉప్మా పెట్టించుకున్నాను. రెండు నెలల తర్వాత మొదటిసారి కడుపునిండా తిన్నాను.